రాబిన్సన్ కథ 1956తో ముగియలేదు

సంపాదకుడు గారికి,

అయ్యా,

ఏప్రిల్ 15న మీ క్రీడాపుటలో జాకీ రాబిన్సన్ గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. 1947లో అదే రోజున బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున బరిలోకి దిగి, అమెరికాలో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో నల్లజాతివారికి దశాబ్దాలుగా ఉన్న అడ్డుగోడను ఆయన ఎలా దాటారో చక్కగా రాశారు. అయితే 1956 సీజన్‌తో ఆట మానేసిన తర్వాతి జీవితాన్నంతా ‘అనంతరం వ్యాపారంలో స్థిరపడ్డారు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం నన్ను బాధించింది. స్థిరపడటమనే మాట ఆయనకు ఎంతమాత్రం నప్పదు.

1957లో ఆయన న్యూయార్క్‌లో కాఫీ, ఫలహారశాలలు నడిపే చాక్ ఫుల్ ఓ నట్స్ సంస్థలో సిబ్బంది వ్యవహారాలు చూసే వైస్ ప్రెసిడెంట్‌గా చేరారు. అప్పట్లో ఆ సంస్థ ఉద్యోగుల్లో నల్లజాతివారే ఎక్కువ. మరుసటి ఏడాది మే నెలలో, సమాన హక్కుల విషయంలో ఓర్పు వహించాలని నల్లజాతి నాయకుల సభలో అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ చెప్పిన మాటను స్వయంగా విన్న రాబిన్సన్, మర్నాడే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఆయనకు ఉత్తరం రాశారు. మనుషుల మనసులు మారేదాకా కోటీ డెబ్బై లక్షలమంది నల్లజాతివారు కాచుకుని కూర్చోలేరని అందులో తేల్చి చెప్పారు. జీతం ఇచ్చే కంపెనీ కాగితం మీదే దేశాధ్యక్షుణ్ణి నిలదీయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో, ఉద్యోగం చేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

1964లో న్యూయార్క్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్ ప్రాంతంలో ఫ్రీడమ్ నేషనల్ బ్యాంకు స్థాపనలో పాలుపంచుకుని, దానికి ఛైర్మన్‌గా ఉన్నారు. బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. ఇతర బ్యాంకుల్లో అప్పు పుట్టని నల్లజాతి కుటుంబాలకు, చిన్న వర్తకులకు సొంత బ్యాంకంటూ ఒకటి ఉండటం అంటే ఏమిటో కౌంటరు వెనుక కూర్చున్నవాడిగా ఊహించగలను. ఆయన పోయిన పద్దెనిమిదేళ్లకు, 1990లో, ఆ బ్యాంకు మూతపడింది. అంతమాత్రాన ఆ ప్రయత్నం విలువ తగ్గిపోదని నా అభిప్రాయం.

1966లో న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెల్లర్‌కు ప్రత్యేక సహాయకుడయ్యారు. 1970లో పేదల ఇళ్ల కోసం నిర్మాణ సంస్థ ప్రారంభించారు. 1960 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్‌ను సమర్థించడం మాత్రం పొరపాటేనని నేను భావిస్తాను. అది తన మంచి నిర్ణయాల్లో ఒకటి కాదని ఆయనే తర్వాత రాసుకున్నారు.

మధుమేహంతో చూపు దాదాపు పోయిన స్థితిలో, 1972 అక్టోబర్ 15న సిన్సినాటి మైదానంలో తనకు జరిగిన సన్మానంలో కూడా, బేస్‌బాల్ జట్టును నడిపించే మేనేజర్‌గా ఒక నల్లజాతి వ్యక్తిని చూసిన రోజున మరింత సంతోషిస్తానని అన్నారు. తొమ్మిది రోజులకే, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ కోరిక 1974లో క్లీవ్‌లాండ్ జట్టు నల్లజాతి ఆటగాడు ఫ్రాంక్ రాబిన్సన్‌ను మేనేజర్‌గా నియమించాక గానీ తీరలేదు.

ఏటా ఏప్రిల్ 15న అక్కడి ఆటగాళ్లందరూ ఆయన ధరించిన 42వ నంబరు చొక్కా వేసుకుంటారు, మీరూ ఆ ఫొటో వేస్తారు. వచ్చే ఏడాది ఆ ఫొటో పక్కన ఈ పదిహేనేళ్ల కథకు కూడా చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
విజయవాడ