పాత కాంక్రీటుకు గనుల దగ్గర పనుంది

సంపాదకుడికి,

హైదరాబాద్‌లోని ఫతుల్లాగూడ, జీడిమెట్ల ప్లాంట్లలో పాత ఇళ్ల కాంక్రీటును నలగ్గొట్టి కంకర, ఇసుకగా వేరు చేస్తున్నారు. కంకరకు ఎలాగో గిరాకీ దొరుకుతుంది. ఇలాంటి చోట్ల మిగిలే సన్నపొడిని అడిగేవాళ్లే తక్కువ. ఆ పొడి గురించే ఈ ఉత్తరం.

మేఘాలయలోని జయంతియా కొండల బొగ్గులో గంధకం ఎక్కువ. ర్యాట్ హోల్ గనుల్లో, అంటే ఎలుక బొరియల్లాంటి ఇరుకు సొరంగాల్లో, తవ్వి వదిలేసిన చోట గాలి, నీరు తగిలి ఆ బొగ్గులోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) నుంచి గంధకామ్లం పుడుతుంది. ఇనుము, మాంగనీసు కరిగించుకుని ఆ నీళ్లు వాగుల్లో కలుస్తాయి. రాళ్లు తుప్పు రంగుకు తిరుగుతాయి, చేపలు బతకవు. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014లో ఈ తవ్వకాలను నిషేధించింది, 2019లో రాష్ట్రానికి 100 కోట్ల జరిమానా వేసింది. అయినా పాత బొరియల్లోంచి ఆమ్లం ఊరడం ఆగదు కదా!

దీనికి విరుగుడు సున్నం. అది కాంక్రీటులో ఉంది. పగలగొట్టిన ముక్క మీద, క్షారం తగిలితే రంగు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే లోపలి భాగం ఠక్కున రాణీ రంగుకు మారడం ఆ పరీక్ష చేసినవాళ్లందరూ చూసిందే. పాతికేళ్ల పిల్లరైనా లోపల క్షారం మిగిలే ఉంటుంది. గాలి తగిలిన పైపొరకు మాత్రం రంగు రాదు. అందుకే పెద్ద దిమ్మలు పడేస్తే లాభం లేదు, నలగ్గొట్టాల్సిందే.

ఆ కొండల్లో సున్నపురాయికి కొదవ లేదు, మళ్లీ ఇదెందుకు అనొచ్చు. సున్నపురాయితో నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 7 దాకా వస్తుంది. నీటి నుంచి మాంగనీసు విడిపోవాలంటే 9 దాటాలి. కాంక్రీటు పొడి అక్కడిదాకా తీసుకెళ్లగలదు. హైదరాబాద్ నుంచి లారీల్లో పంపమనడం లేదు, గువాహటి, షిల్లాంగ్‌లలో కూల్చే ఇళ్లు చాలు.

అయితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఆస్‌బెస్టాస్ రేకులు కలిసిన చెత్త పనికిరాదు. సిమెంటులో క్రోమియం అనే హానికర లోహం ఉండొచ్చు, ముందు పరీక్షించాలి. పీహెచ్ మరీ పెరిగినా చేపలకు ముప్పే. అడుగున చేరే బురదను ఎక్కడ వేస్తారో కూడా ముందే తేల్చుకోవాలి. నా అసలు భయం వేరే ఉంది. శుద్ధి పేరు చెప్పి రాత్రికి రాత్రి లారీలు గోతుల్లో బోర్లిస్తారు. చెరువులను శిథిలాలతో పూడ్చినవాళ్లను చూసిన ఊరు మాది.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనలు ఈ వ్యర్థాల బాధ్యతను పెద్ద నిర్మాణదారుల మీద పెట్టాయి. వాళ్లు చూపాల్సిన పునర్వినియోగం లెక్కలో, పరీక్షించిన పొడితో చేసే గని నీటి శుద్ధిని కూడా చేర్చాలి. ముందుగా ఒక్క వాగు మీద ప్రయత్నించి, నీటి పరీక్షల ఫలితాలు నెలనెలా బయటపెట్టాలి.

— ఒక విశ్రాంత సివిల్ ఇంజినీర్, ఉప్పల్