టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళే ముందు

ఒరేయ్ శ్రీనూ,

నీ మెసేజ్ చూశాను. వచ్చే వారం విమానం నడపడం నేర్పే మీ ఇన్‌స్ట్రక్టర్ నిన్ను మొదటిసారి కంట్రోల్ టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్తున్నాడని రాశావు. "దిగమని చెప్పేవాళ్ళే లేకపోతే ఎవరి వంతు ఎప్పుడో ఎలా తెలుస్తుందిరా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

అలాంటి ఎయిర్‌పోర్ట్‌లు అరుదేమీ కాదు. అమెరికాలో అందరూ వాడుకునేవి దాదాపు 5,000 ఉంటే, టవర్ ఉన్నవి సుమారు 500 మాత్రమే. డల్లాస్‌లో మొదటి రోజు నుంచీ టవర్ మాట వింటూ నేర్చుకున్నావు కాబట్టి నీకు వింతగా ఉంది. నేను శాన్ హోసేలో రీడ్ హిల్‌వ్యూ నుంచి బయల్దేరి తరచూ వాట్సన్‌విల్‌కి వెళ్తుంటాను. మాంటరే అఖాతం దగ్గర, స్ట్రాబెర్రీ తోటల ఊరు. టవర్ లేదు. ఎండాకాలం పొద్దున సముద్రం మీంచి వచ్చిన మబ్బు కప్పేసి ఉంటుంది. అది విడిపోగానే చుట్టుపక్కల వాళ్ళంతా ఒక్కసారే అక్కడికి చేరతారు.

వంతు సంగతి చెప్తాను. దిగే ముందు రన్‌వే పక్కన అందరూ తిరిగే దీర్ఘచతురస్రపు దారి ప్యాటర్న్ కదా: రన్‌వేకి సమాంతరంగా వెనక్కి వెళ్ళేది డౌన్‌విండ్, అక్కడి నుంచి అడ్డంగా తిరిగేది బేస్, రన్‌వేకి ఎదురుగా దిగేది ఫైనల్. ఫైనల్‌లో ఉన్నవాడికే ముందు హక్కు. ఇద్దరు దిగుతుంటే కింద ఉన్నవాడిది. అలాగని కిందకి దూరి ముందువాడిని దాటకూడదు. మలుపులన్నీ ఎడమకే, ప్రత్యేకంగా కుడి అని గుర్తు ఉంటే తప్ప. ఇవి పుస్తకంలో చదివే ఉంటావు. నేను చెప్పాలనుకున్నది వేరే. రేడియోలో మనం మాట చెప్పేశాం కాబట్టి అవతలివాడు విన్నాడు, విన్నాడు కాబట్టి మనల్ని చూశాడు అనుకుంటాం చూడు, ప్రాణాలు తీసేది ఆ నమ్మకమే.

2022 ఆగస్టు 18న ఈ వాట్సన్‌విల్‌లోనే రెండు విమానాలు గాల్లో ఢీకొన్నాయి. ఒకటి సెస్నా 152, పైలట్ ఒక్కడే, ప్యాటర్న్‌లో తిరుగుతున్నాడు. రెండోది సెస్నా 340, రెండింజన్లది, దూరం నుంచి ప్యాటర్న్‌లోకి రాకుండా నేరుగా రన్‌వే 20కి వస్తోంది. ఇద్దరూ రేడియోలో మాట్లాడుతూనే ఉన్నారు. పది మైళ్ళ దూరంలో ఉన్నానని, తర్వాత మూడు మైళ్ళలో ఉన్నానని పెద్ద విమానం చెప్పింది. చిన్నది బేస్‌లో ఉన్నానని చెప్పింది. వెనక నువ్వు చాలా వేగంగా వస్తున్నావు, నేను గో ఎరౌండ్ (దిగకుండా మళ్ళీ పైకి వెళ్ళడం) చేస్తున్నానని కూడా 152 పైలట్ చెప్పాడు. ముగ్గురూ పోయారు. ఆ 340 దాదాపు 180 నాట్ల మీద (గంటకు 180 నాటికల్ మైళ్ళు) వస్తోంది, దిగేటప్పుడు ఉండాల్సిన వేగం కన్నా చాలా ఎక్కువ. లెక్క వేసి చూడు: ఆ వేగంతో మూడు మైళ్ళంటే ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ముందున్నవాడు ఎక్కడున్నాడో వెతకాలి, పోల్చుకోవాలి, తప్పుకోవాలి. కళ్ళు ఎంత మంచివైనా చాలదు.

అందుకే నేరుగా వచ్చి దిగడం నిబంధనల ప్రకారం తప్పు కాకపోయినా, ప్యాటర్న్‌లో ఎవరైనా ఉంటే నేను అలా రాను. ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత అలసిపోయినా సరే. డౌన్‌విండ్ మధ్యభాగానికి 45 డిగ్రీల కోణంలో వచ్చి చేరతాను, అదీ ప్యాటర్న్ ఎత్తుకు బయటే దిగిపోయి. మామూలుగా ఆ ఎత్తు నేలకు 1,000 అడుగులు, కానీ ఎయిర్‌పోర్ట్‌ని బట్టి మారుతుంది, బయల్దేరే ముందే చూసుకో. పైనుంచి దిగుతూ ప్యాటర్న్‌లోకి రావడం మాత్రం ఎప్పుడూ చేయకు. నువ్వు నేర్చుకునే సెస్నా 172 రెక్క నీ తల మీద ఉంటుంది, పైనున్నవాడు నీకు కనిపించడు. పైపర్ చెరోకీ లాంటి చిన్న విమానంలో రెక్క కింద ఉంటుంది, కిందున్నవాడు అతనికి కనిపించడు. చెరోకీ పైనుంచి, సెస్నా కింద నుంచి ఒకే ఫైనల్‌కి వస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మలుపు తిప్పే ముందు ఒకసారి ఆ వైపు రెక్క ఎత్తి చూడు. రెండు సెకన్ల పని.

ఇంకో సంఘటన, పాతది. 1996 నవంబర్ 19, ఇల్లినాయ్‌లోని క్విన్సీ. సాయంత్రం చీకటి పడే వేళ. పన్నెండు మందితో బీచ్ 1900 అనే చిన్న ప్రయాణికుల విమానం రన్‌వే 13 మీద దిగుతోంది. దాన్ని అడ్డంగా ఖండించే రన్‌వే 04 చివర కింగ్ ఎయిర్ అనే రెండింజన్ల విమానం, దాని వెనక ఒక చెరోకీ ఎగరడానికి ఉన్నాయి. ఆగుతున్నావా అని దిగే విమానం కింగ్ ఎయిర్‌ని అడిగింది. కింగ్ ఎయిర్ పలకలేదు. వెనకున్న చెరోకీ పైలట్ ఆగి ఉన్నానని జవాబిచ్చాడు. సరిగ్గా ఆ క్షణంలో కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే యంత్రం గొంతు ఆ మాటల్లో కొంత మింగేసింది. కింగ్ ఎయిరే జవాబిచ్చిందనుకుని వాళ్ళు దిగారు, కింగ్ ఎయిర్ పరుగు మొదలుపెట్టింది. కూడలిలో గుద్దుకున్నాయి. చాలా బాధ కలిగించే విషయం ఏమిటంటే, దెబ్బకు కాదు, పొగకూ మంటకూ పోయారు. తలుపు తెరుచుకోలేదు. మొత్తం 14 మంది. జవాబు వచ్చింది నిజమే, ఇవ్వాల్సినవాడు మాత్రం ఇవ్వలేదు. ఇది చదివిన దగ్గర్నుంచి, రేడియోలో విన్న గొంతుకి తగ్గ విమానం కంటికి కనిపించేదాకా నేను నమ్మను.

రేడియో అక్కర్లేదని కాదురా. పది మైళ్ళ నుంచే ఆ ఫ్రీక్వెన్సీ పెట్టుకుని ముందు విను. ఎవరెవరు ఎక్కడున్నారో మనసులో బొమ్మ గీసుకున్నాకే మాట్లాడు. "వాట్సన్‌విల్ ట్రాఫిక్" అని మొదలుపెట్టి, విమానం రకం, ఎక్కడున్నావు, ఎంత ఎత్తు, ఏం చేయబోతున్నావు చెప్పి, మళ్ళీ "వాట్సన్‌విల్" అని ముగించు. ఊరి పేరు రెండుసార్లు ఎందుకంటే, 122.8 లాంటి ఒకే ఫ్రీక్వెన్సీని చాలా ఎయిర్‌పోర్ట్‌లు పంచుకుంటాయి. పైనుంటే వంద మైళ్ళ అవతల రన్‌వే 20 గురించి చెప్పేవాడి మాట కూడా వినిపిస్తుంది. కొందరు "ఎనీ ట్రాఫిక్ ఇన్ ద ఏరియా ప్లీజ్ అడ్వైజ్" అంటారు. నువ్వు అనకు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ కూడా వద్దనే చెబుతుంది. వినేవాడివైతే అడగకుండానే తెలిసిపోతుంది, పైగా అందరూ ఒకేసారి జవాబిస్తే ఎవరి మాటా వినపడదు. ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణలో (పరికరాలు చూసి ఎగరడం) ఉన్నవాళ్ళు ఏదో ఫిక్స్ (మ్యాప్‌లో పేరు పెట్టిన బిందువు) పేరు చెప్పి అక్కడున్నాం అంటారు. కొత్తవాడికి అది ఎక్కడో తెలియదు. నీకు అర్థం కాకపోతే సిగ్గుపడకుండా ఎన్ని మైళ్ళు, ఏ దిక్కు అని అడుగు.

రేడియోనే లేని విమానాలు కూడా ఉంటాయి, అది చట్టబద్ధమే. పాత పైపర్ కబ్‌కి కరెంటు వ్యవస్థే ఉండదు. ఐప్యాడ్ మీద మిగతా విమానాలు కనిపిస్తున్నాయి కదా అనుకోకు, అలాంటివి అందులో కనిపించవు. మా దగ్గర హాలిస్టర్‌లో గ్లైడర్లు ఎగురుతాయి. వాటికి మనకన్నా ముందు హక్కు, ఎందుకంటే ఇంజన్ లేనివాడు ఇంకోసారి ప్రయత్నిస్తానని పైకి వెళ్ళలేడు.

ఇక నాకు అన్నిటికన్నా భయం కలిగించేది బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపు. గాలి వెనక నుంచి తోస్తుంటే రన్‌వే గీత దాటేస్తావు. అప్పుడు చాలామంది కాలితో రడ్డర్ నొక్కి ముక్కును లాగబోతారు. విమానం జారుతుంది, లోపలి రెక్క ముందుగా పట్టు కోల్పోతుంది, తలకిందులవుతుంది. ఐదొందల అడుగుల్లో దాన్ని సరిచేసే చోటు ఉండదు. వంపు ఎక్కువైనా ఇదే. ఎత్తు కోల్పోకుండా 60 డిగ్రీలు వంచితే స్టాల్ వేగం (ఇంతకన్నా తగ్గితే రెక్క పట్టు కోల్పోయే వేగం) 41 శాతం పెరుగుతుంది. నేను ప్యాటర్న్‌లో 30 దాటను. గీత దాటిపోతే దాటిపోనీ, పవర్ ఇచ్చి పైకి వెళ్ళిపో. ఎడమ ప్యాటర్న్ అయితే కాస్త కుడికి జరిగి ఎక్కు, కింద ఎగిరేవాడు నీ సీట్లోంచి కనిపిస్తాడు. మళ్ళీ తిరిగి వస్తే ఖర్చయ్యేది ఐదారు నిమిషాల పెట్రోలు.

వీలైతే ఆ రోజు మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి, దిగాక ఓ అరగంట అక్కడే ఆగండి. చేతి రేడియో పట్టుకుని కంచె పక్కన నిలబడి, వినిపించే ప్రతి మాటకీ విమానం ఎక్కడుందో ఆకాశంలో వెతుకు. విన్నది, కనిపించింది ఎన్నిసార్లు కలవవో నీకే తెలుస్తుంది.

డిసెంబర్‌లో ఇటు వస్తానన్నావు కదా, తేదీలు త్వరగా పంపు. అద్దె విమానం ముందే బుక్ చేయాలి, వారాంతాలు దొరకవు. హాలిస్టర్, వాట్సన్‌విల్ రెండూ వెళ్దాం. కుడివైపు చూసే పని నీదే.

నీ
రవి