ప్రదర్శన వేళ వేయండి

దినపత్రికల జిల్లా అనుబంధాల్లో వచ్చే ‘నేటి కార్యక్రమాలు’ శీర్షిక అటు కళాకారులకూ ఇటు ప్రేక్షకులకూ అక్కరకు రావడం లేదు. ‘సాయంత్రం పౌరాణిక నాటకం’ అని వేసి ఊరుకుంటే చాలదు. ఆరింటికి మొదలయ్యేది సభ. ప్రసంగాలూ సన్మానాలూ ముగిసి తెర లేచేసరికి ఎనిమిది దాటుతుంది, ఆఖరి బస్సు అందుకోవాల్సినవాళ్లు అప్పటికే లేచిపోతారు. తోలుబొమ్మలాటకైతే తెర వెనక దీపం వెలగాలి, చీకటి పడందే ఆట లేదు. ఆ సంగతైనా రాయరు. మర్నాటి వార్తలో శాలువాలు కప్పినవారి పేర్లన్నీ ఉంటాయి, హార్మోనియం, మృదంగం వాయించినవారి పేర్లు ఉండవు. ఇది నిజంగా బాధ కలిగిస్తోంది. 2020లో తోలుబొమ్మలాటకు దళవాయి చలపతిరావు, 2024లో చిందు యక్షగానం అనే జానపద నాటకానికి గడ్డం సమ్మయ్య, బుర్రవీణ అనే తంత్రీ వాద్యానికి దాసరి కొండప్ప పద్మశ్రీకి ఎంపికయ్యారు. అలాంటి జాతీయ వార్త వచ్చిన రోజునే, ఆ కళను ఈ నెలలో దగ్గర్లో ఎక్కడ చూడవచ్చో పక్కనే చిన్న పెట్టె కట్టి ఇవ్వాలి. నిర్వాహకుల నుంచి రెండు రోజుల ముందే వివరాలు తీసుకోండి: కళారూపం, బృందం, దాని ఊరు, వేదికకు దగ్గరి బస్‌స్టాప్, నిడివి, టికెట్ ధర. సభ వేళ, ప్రదర్శన వేళ మాత్రం విడివిడిగా అచ్చు వేయండి. ఆ రెండో వేళ చెప్పని ప్రకటనను వెనక్కి పంపి, రాయించి తెప్పించుకోండి.