ఆస్కార్ అకాడమీ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు,

1940లో ఉత్తమ సహాయ నటి పురస్కారం అందుకున్న రాత్రి హాటీ మెక్‌డానియెల్‌ను, ఆమె నల్లజాతి మహిళ కావడం వల్ల, తోటి నటులతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారన్నది మీ సంస్థ చరిత్రలోని సంగతే. పురస్కారం దక్కింది పనిమనిషి పాత్రకు; ఆ తరువాత కూడా ఆమెకు ఎక్కువగా అవే పాత్రలు వచ్చాయి. ఉత్తమ నటిగా ఒక నల్లజాతి మహిళ, హాలీ బెర్రీ, గెలవడానికి 2002 దాకా పట్టింది. ఆ విభాగంలో రెండో శ్వేతేతర విజేత మిషెల్ యో 2023లో గానీ రాలేదు. ఇన్నేళ్ల జాప్యానికి ప్రతిభ కొరతే కారణమని ఎవరైనా అంటే నేను నమ్మను.

ఉత్తమ చిత్రం పోటీకి 2024 నుంచి మీరు తప్పనిసరి చేసిన ప్రాతినిధ్య ప్రమాణాలను (అంటే, ఇంతవరకూ తగిన చోటు దక్కని వర్గాలకు సినిమాల్లో అవకాశం కల్పించాలనే నియమాలను) స్వాగతిస్తున్నాను. అయితే నాలుగింటిలో రెండు నెరవేరితే చాలు కనుక, తెర మీద ఏ మార్పూ లేకుండానే, శిక్షణావకాశాలు, ప్రచార విభాగపు నియామకాలు చూపించి ఒక చిత్రం అర్హత పొందవచ్చు. (నిర్మాతలకు ఇది సులువైన దారే.) అందువల్ల నామినేషన్ పొందిన ప్రతి చిత్రమూ ఏ ప్రమాణాలతో అర్హత సాధించిందో ప్రేక్షకులకు ఏటా వెల్లడించాలని కోరుతున్నాను.

భవదీయ,
ఒక ప్రేక్షకురాలు