రైతుకు మాట ఇవ్వాల్సింది నారు పోయకముందే

సంపాదకులకు,

టమాటా ధర పెరిగినప్పుడల్లా బెంగళూరులోని మారతహళ్లి, కె.ఆర్.పురం అపార్ట్‌మెంట్లలో ‘నేరుగా రైతు దగ్గరే కొందాం’ అన్న మాట లేస్తుంది. ధర దిగగానే ఆ ఊసే ఉండదు. 2023 జూలైలో కిలో వంద దాటిన టమాటాను అదే సెప్టెంబరులో రైతులు రోడ్డు పక్కన పారబోశారు. ఆ రెండు నెలల్లోనూ రైతుతో నిలబడగలిగితేనే మన ఉమ్మడి కొనుగోలును సహకార సంఘం అనాలి.

కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లోని చింతామణి, శ్రీనివాసపురం, బాగేపల్లి పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులు ఎందరో ఉన్నారు. మాట కలపడం మనకు కష్టం కాదు. కష్టమంతా లెక్కలో ఉంది.

చిన్న ట్రక్కు బాడుగ 2,400 రూపాయలనుకుందాం. 40 ఇళ్లు వారానికి ఇంటికి 6 కిలోల చొప్పున తీసుకుంటే 240 కిలోలు, కిలోకు 10 రూపాయల బాడుగ. 20 ఇళ్లే అయితే అది 20 రూపాయలవుతుంది. అప్పుడు వీధిలోకొచ్చే బండి దగ్గర కొనడమే నయమనిపించి మిగిలినవాళ్లూ జారుకుంటారు. 40 ఇళ్లు కుదిరాకే మొదలుపెట్టండి.

తోటకూర నెల రోజుల్లో, బీన్స్ 45-50 రోజుల్లో కోతకొస్తాయి. టమాటాకు నారు నాటాక రెండు నెలలైనా పడుతుంది. అందుకే ‘ఈ వారం ఏం కావాలి?’ అని వాట్సాప్‌లో అడిగి ఆర్డరు పెడితే రైతుకు ఉపయోగం లేదు. ఇంటికి ఇన్ని కిలోలని మూడు నెలలకు ఖాయం చేసుకుని, ఏ నెల సొమ్ము ఆ నెల ముందే కట్టించుకోవాలి. ఊరెళ్లేవాళ్లు తమ సంచి పక్కింటికి అప్పగించాలే తప్ప రద్దు చేయకూడదు. సంక్రాంతికి, వేసవి సెలవులకు మనవాళ్లు సగం ఇళ్లకు తాళాలు వేసి వెళ్తారు. ఇలాంటి సంఘాలు కుంటుపడేది సరిగ్గా అప్పుడే. ఆ వారాలు ముందే చెబితే రైతు ఆకుకూర విత్తడం ఆ మేరకు తగ్గించుకుంటాడు.

ధరకు కింది హద్దు, పై హద్దు రెండూ రాసుకోవాలి. టమాటాకు కిలోకు 18, 40 రూపాయలనుకోండి. ఆ మధ్యలో ఉన్నన్నాళ్లు ఆనాటి మండీ ధరే ఇవ్వాలి. మండీలో 8కి పడినా మనం 18 కట్టాలి, 80కి ఎగసినా రైతు 40కే ఇవ్వాలి. అతని పంటలో సగానికి మించి అడగకండి. మిగతా సగం మండీలో అమ్ముకునే వీలుంటేనే ధర ఎగసిన వారం కూడా మన వాటా మనకు పంపగలడు.

టమాటాను దోరగా ఉండగానే కోయించి, కడగకుండా 20 కిలోల ప్లాస్టిక్ క్రేట్లలో తేవాలి. గోనెసంచుల్లో అడుగున ఉన్నవి నలిగి, వాటి రసంతో పైవీ చెడతాయి. ఆకుకూరను సాయంత్రం కోసి తడిగోనె కప్పి, తెల్లవారేసరికి చేర్చాలి. దాన్ని పండిన టమాటా పక్కన పెడితే, పండు విడిచే ఇథిలీన్ వాయువుకు ఆకు పసుపెక్కుతుంది. పొలం గట్టున తూచిన బరువే లెక్క. దారిలో ఆరిన తేమను రైతు నెత్తిన వేయడం అన్యాయం. ఆ తరుగుకు, పాడైనదానికి కిలోకు 2 రూపాయలు కలుపుకుంటే సరిపెట్టుకోవచ్చు. కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి.

వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం 10 మంది ఉంటే కర్ణాటక సహకార సంఘాల చట్టం, 1959 కింద నమోదు చేసుకోవచ్చు. పండ్లు, కూరగాయలు అమ్మే హాప్‌కామ్స్ కూడా ఆ ఏడాదే ద్రాక్ష రైతుల సంఘంగా మొదలైంది. అది పండించేవాళ్ల సంఘం, మనం పెట్టబోయేది తినేవాళ్లది.

ఇంకొక్క మాట, అన్నిటికన్నా ముందు అడగాల్సింది. విత్తనాలకు, మందులకు రైతు మండీ వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే పంట అక్కడికే పోవాలి, మనతో ఎంత మంచిగా మాట్లాడినా సరే. ఆ అడ్వాన్సు అవసరం రాకుండా మనమే ఇంటికి 1,000 రూపాయల వాటా పెడితే 40 ఇళ్లకు 40,000 అవుతుంది. ఆ డబ్బును బ్యాంకులో ఉంచకుండా నారు, ఎరువులకు అడ్వాన్సుగా ఇచ్చి, కోతలు మొదలయ్యాక వారం వారం సరుకులో కొంచెం కొంచెంగా సర్దుకోండి.

- కూరగాయల ఉమ్మడి కొనుగోలు బృందం సభ్యులు, బెంగళూరు