ధనుష్కోటి స్టేషన్ సంగతి

ఒరేయ్ అబ్బాయ్,

1964 తుఫానులో కూలిన పంబన్ వంతెనని (రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా రైలు వెళ్లే వంతెన) 46 రోజుల్లో మళ్లీ నిలబెట్టినవాళ్లు, ఆ దీవి చివరనున్న ధనుష్కోటి స్టేషన్ని ఎందుకు వదిలేశారని అడిగావు. తుఫాను ఒక్కటే కారణం కాదురా, స్టీమరు కూడా.

1914లో వంతెన తెరిచినప్పుడు మెయిన్ లైను వెళ్లింది ధనుష్కోటికే. రామేశ్వరానిది పంబన్ జంక్షన్లో చీలే బ్రాంచి. అసలు రద్దీ సిలోను ప్రయాణానిది మరి! మద్రాసు ఎగ్మోరులో బోట్ మెయిల్ ఎక్కితే మీటర్ గేజి మీద ధనుష్కోటి రేవు, అక్కణ్ణుంచి స్టీమరులో 35 కిలోమీటర్ల దాకా సముద్రం, లంక ఒడ్డున తలైమన్నార్‌లో దిగి కొలంబో రైలు. అన్నిటికీ ఒకటే టికెట్టు. మన కాశీయాత్ర వాళ్లు మాత్రం సేతుస్నానానికి దిగేవారు. అక్కడి ఇసుక ప్రయాగలో కలిపి, గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేయిస్తేనే ఆ యాత్ర పూర్తయినట్టు.

ఊరున్నది సన్నటి ఇసుక తిన్నె మీద. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క మన్నార్ సింధుశాఖ. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రి ఉప్పెన వచ్చేసరికి తప్పించుకోవడానికి మెరక చోటే లేదు. పంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు పాసింజరు, ఆరు పెట్టెలూ, స్టేషన్ ఇంక కాస్త దూరంలో ఉందనగా కొట్టుకుపోయింది. వందమందికి పైగా పోయారురా. తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

వంతెన సంగతి వేరు. స్తంభాల మధ్య 145 స్పాన్లలో 120కి పైగా వాటి గర్డర్లు (ఇనుప దూలాలు) పడిపోయినా ఓడలకు తెరుచుకునే షెర్జర్ స్పాన్ మిగిలింది. పడ్డ గర్డర్లను సముద్రంలోంచి లాగి మళ్లీ ఎక్కించారు. ఆ పని నడిపింది తర్వాత మెట్రో మ్యాన్‌గా పేరుపడ్డ ఇ. శ్రీధరన్, అప్పటికింకా కుర్ర ఇంజినీరు. వంతెన లేకపోతే రామేశ్వరానికి రైలే లేదు కాబట్టి అంత తొందర.

ధనుష్కోటిలో మాత్రం లైను వెయ్యడానికి ఊరే మిగల్లేదు. నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత తలైమన్నార్ స్టీమరు రామేశ్వరం నుంచే నడిచింది. దాంతో బ్రాంచి కాస్తా మెయిన్ లైనైంది. స్టీమరే రాని రేవుకి రైలెందుకు? లంక యుద్ధంతో 1980లలో ఆ స్టీమరూ ఆగిపోయింది.

వెళ్తే రామేశ్వరం నుంచి పొద్దున్నే బయల్దేరు, చీకటి పడేలోగా తిరిగొచ్చెయ్యాలి. 2017 నుంచి తిన్నె చివరి మొన అరిచల్‌మునై దాకా తారు రోడ్డుంది. దారిలో కనిపించే మొండిగోడల్లో పగడపు రాళ్లు చూడు. ఉప్పుగాలికి సున్నం రాలిపోతోంది, గోడలు ఎక్కొద్దు. స్టేషన్ గోడలూ, నీళ్ల ట్యాంకూ చూశాకే మొనకి వెళ్లు.

ఉంటానురా.