గ్యాస్ పైపులు వేశాకే ద్రవం ఎక్కించాలి

సంపాదకులకు నమస్కారం.

చెత్త గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎక్కడ పోయాలన్న దాని గురించే మాట్లాడుకుంటాం. పాతిపెట్టాక లోపల ఏం జరుగుతుందో పట్టించుకోం. మామూలు ల్యాండ్‌ఫిల్‌లో, అంటే చెత్త పాతిపెట్టే చోట, చెత్తను వీలైనంత పొడిగా ఉంచి మూసేస్తారు. తడి చాలక సూక్ష్మజీవులు మందగిస్తాయి, కుళ్లడానికి దశాబ్దాలు పడుతుంది. అన్నేళ్లూ ఆ స్థలానికి కాపలా తప్పదు.

బయోరియాక్టర్ ల్యాండ్‌ఫిల్‌లో అడుగున చేరే మురుగు ద్రవాన్ని, అంటే లీచేట్‌ను, పంపులతో మళ్లీ చెత్తలోకి ఎక్కిస్తారు. తేమ 35 నుంచి 65 శాతం మధ్య ఉంటే గాలి లేని ఆ పొరల్లో బ్యాక్టీరియా జోరందుకుంటుంది. ముందు ఆమ్లాలు పుడతాయి, తర్వాత వేరే రకం సూక్ష్మజీవులు వాటిని మీథేన్‌గా మారుస్తాయి. ఆమ్లం మరీ పేరుకుంటే ఈ రెండో రకానివి దెబ్బతింటాయి. కాబట్టి ఎంత ద్రవం, ఎంత వేగంగా అన్నది రోజూ చూసుకోవాలి. అతిగా ఎక్కిస్తే గుట్టే జారిపోవచ్చు, అది ప్రాణాలతో చెలగాటం. సరిగ్గా నడిపితే మాత్రం దశాబ్దాల పని కొన్నేళ్లలో తెమిలిపోతుంది. చెత్త కుంగి కొత్తదానికి చోటు కూడా దొరుకుతుంది.

నా అసలు టెన్షన్ చెత్త కుళ్లినప్పుడు వచ్చే గ్యాస్ గురించి. ఇందులో దాదాపు సగం మీథేనే. 20 ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే అది 80 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. త్వరగా కుళ్లబెడితే గ్యాస్ కూడా త్వరగానే వస్తుంది. పట్టుకుంటే కరెంటు, వదిలేస్తే మామూలు గుట్ట కంటే ఎక్కువ నష్టం. అందుకే గ్యాస్ సేకరణ పైపులు పనిచేస్తున్నాయని తేలాకే లీచేట్ ఎక్కించడానికి అనుమతి ఇవ్వాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు